ఐదు బర్రెల ఇడుపు

పురానాపూల్ శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే ఒక పెద్దమనిషి నా పక్కన నడుస్తూ అన్నాడు: "పాపం, మస్తు శాంతం మనిషి. ఎవ్వల జోలికి పోయేది కాదు."

ఆ మాట అన్నవాడి కుడిచెవికి తమ్మె లేదు. దాన్ని కొరికి నేలమీద ఉమ్మేసింది ఆ శాంతం మనిషే.

చచ్చినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలట. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, బతికున్నప్పుడు చెడు చేసినవాళ్ళే పెట్టి ఉంటారు. నేను ఒప్పుకోను. ఆమె శాంతం కాదు. ఓర్పు గల ఇల్లాలు కాదు, ఎవరి మాటా పడేది కాదు. చెయ్యి లేపితే దించడం రాని మనిషి. ఆమెను శాంతమూర్తిని చేసి తగలబెట్టడమంటే రెండోసారి కాల్చడమే. అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయను. పేరు రాస్తే మొగుడి ఇంటిపేరు కూడా రాయాల్సి వస్తుంది, అది ఆమెకు ఇష్టం లేదు.

నాది పురానాపూల్ దగ్గర పశువుల దాణా దుకాణం. తవుడు, పత్తిచెక్క, శనగపొట్టు అమ్ముతాను. నాలుగో తరగతి దాటలేదు. పొట్లాలు కట్టే పాత పేపర్లు చదివి అక్షరం గట్టిపరచుకున్నాను. ఫుట్‌పాత్ మీద తూకానికి అమ్మే పుస్తకాల్లోంచి చట్టాల పుస్తకాలు ఏరి తెచ్చుకుని చదివాను. వకీళ్ళు నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ. చట్టం నా పైసలతో నడుస్తున్నప్పుడు దాన్ని చదివే హక్కు నాకూ ఉంది.

ఆమె కిషన్‌బాగ్ నుంచి వచ్చేది. మూసీకి దగ్గరలో వాళ్ళ కొట్టం, అందులో ఐదు బర్రెలు. పొద్దున పాలు పోసి, ఖాళీ క్యాన్లు మోపెడ్‌కు రెండు వైపులా గణగణలాడుతుంటే నా దుకాణం ముందు ఆగేది. పత్తిచెక్క ముక్క విరిచి పళ్ళ కింద పెట్టేది. బూజు వాసన వస్తే నా గల్లాపెట్టె ముందే ఉమ్మేది. "గిది బర్రెలకా, నీ వియ్యపురాలికా బాపూ?" అనేది. బస్తా ఎత్తడానికి హమాలీని రానిచ్చేది కాదు. తానే మోకాలు ఆనించి ఒక్క ఊపున సీటు మీదికి ఎత్తేది.

మాట్లాడుతుంటే ఎడమచేతి చిటికెనవేలు పక్కకు వంగి విడిగా నిలబడి ఉండేది. మొగుడు తలుపు సందులో పెట్టి నొక్కిన వేలు అది. ఒకసారి నేను దాన్నే చూస్తుంటే గమనించింది.

"గా వేలు పిండెతందుకు రాదు బాపు. తిట్టెతందుకు ఉంచిన."

తిట్టడం ఎక్కడికక్కడ, ఎవరి భాషలో వాళ్ళకు. నా దుకాణం ముందు ఆమె బండి అడ్డం ఉందని ఒక ఆటోవాడు హారన్ మోగించి, "క్యా అమ్మా, రస్తా తేరే బాప్ కా హై?" అన్నాడు. ఆమె తలతిప్పకుండా బస్తా కట్టుకుంటూనే, "హౌ, మేరే బాప్ కా. తేరే బాప్ కూ భీ బులా, కిరాయా దేకే జానా" అంది. రోడ్డు మా అయ్యదే, మీ అయ్యనూ పిలువు, కిరాయి కట్టి పొండి అని. వాడు నవ్వి, దిగి వచ్చి తాడు ముడి వేయడానికి సాయం పట్టాడు.

నెల పైసలు ఎగ్గొట్టిన ఇంటికి పాలు ఆపేది కాదు. వాళ్ళ గడప మీద గుమ్మరించి వచ్చేది. ఆ పాలు కడుక్కుంటూ గల్లీ అంతా చూస్తుండగా వాళ్ళు పైసలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. చెప్పాను కదా, మంచిది కాదు.

బర్రెలను మాత్రం కొట్టగా ఎవరూ చూడలేదు. "బర్రెను కొడితే పాలు పైకి గుంజుకుంటది. పెండ్లాన్ని కొడితే మాట లోపటికి గుంజుకుంటది. నేను గుంజుకోను. గదే వాని బాధ" అనేది.

ఆ మొగుడు తాగేవాడు కాదు. ఇది గట్టిగా రాయాలి, ఎందుకంటే మన జనం పెళ్ళాన్ని కొట్టేవాడనగానే తాగుబోతనుకుని సారాయి మీద తోసేస్తారు. ఆయన చుక్క ముట్టడు. శనివారం గుడికి పోతాడు, బొట్టు పెట్టుకుంటాడు. బొట్టు చెదరకుండా కొడతాడు. బర్రెను గుంజకు కట్టే తలుగుతాడుతో, పూర్తి తెలివితో, నోరు మెదపకుండా కొడతాడు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి కాలితో తన్నాడు. ఆ కడుపు పోయింది. తర్వాత నిలవలేదు.

ఒకే ఒకసారి ఆమె పాలక్యాన్ తిప్పి కొడితే ఆయన కనుబొమ్మ చీలింది. ఇన్నేళ్ళుగా ఆమె వీపు మీద వాతలు చూడటానికి రాని గల్లీ, ఆ కనుబొమ్మ చూడటానికి ఉరికివచ్చింది. పసుపు పెట్టినవాళ్ళు, ఆటో తెచ్చినవాళ్ళు, "మొగుని మీద చెయ్యేందమ్మా" అని నీతి చెప్పినవాళ్ళు. నేనా రోజు దాణా బకాయి కోసం అటు పోయి చూశాను. ఆ మూకలో వీపు మీద వాతలున్న ఆడవాళ్ళూ ఉన్నారు. ఈ లోకానికి ఏ రోగం పట్టిందో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

దెబ్బలు ఎక్కువైనప్పుడు ఆమె హుస్సేనీ ఆలంలోని తమ్ముడి ఇంటికి పోయేది. తమ్ముడు చాయ్ తాగించి, ఆటో మాట్లాడి, వెనక్కి పంపేవాడు. ఆమె లేని ఆ ఒకటి రెండు పూటలు మొగుడే పిండాలి. అప్పుడు ఆయన, ఆమె పిండేటప్పుడు కట్టుకునే ఆకుపచ్చ చీర కప్పుకునేవాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: బర్రె కొత్త చేతికి పాలు చేపదు. పొదుగు నిండా ఉన్నా వదలదు. దానికి తెలిసిన వాసన కావాలి. అందుకని పాడి ఇళ్ళలో ఆడమనిషి పురిటికి పోయినా, ఊరికి పోయినా, మగవాడు ఆమె పాత చీర భుజాల మీంచి కప్పుకుని బర్రె కింద కూర్చుంటాడు. ఆ గల్లీలో ఇది నామోషీ కాదు. మీసాల మొగవాళ్ళు పెళ్ళాల చీరల ముసుగులో కూర్చుని పిండుతూ, అటుగా పోయేవాడిని పలకరించి కబుర్లు కూడా చెప్పేవాళ్ళు.

ఒకరోజు దవడ వాచి వచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది. తవుడు ధర అడిగినట్టే అడిగింది.

"బాపూ, ఇడుపుకు ఎంత అయితది?"

ఇడుపంటే విడాకులు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. నేను చదివిందంతా చెప్పాను: పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం నీది, అది అడగొచ్చు. (అది అప్పటికే మొగుడి పేరు మీద ఒక సేటు దగ్గర తాకట్టులో ఉంది.) భరణం అడగొచ్చు. ఉచితంగా వకీలును ఇస్తారు. ఆమె అన్నీ విని, "బర్రెలు?" అంది.

బర్రెల సంగతి నా పుస్తకాల్లో లేదు. కోర్టు దగ్గర కూర్చునే వకీలు దగ్గరికి తీసుకుపోయాను. చల్లని గది, నున్నటి బల్ల. ఆయన అడిగాడు: "బర్రెలు కొన్న రసీదులున్నాయా?"

"నాలుగు నా చేతిల పుట్టినయి సార్. పుట్టినోటికి రసీదేంది?"

"చెవికి ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి కదా, అవి ఎవరి పేరు మీద?"

"వాని పేరు. బర్రెల డాక్టర్ వచ్చిననాడు నేను పాలు పొయ్య పోయిన."

"అయితే కష్టం. కేసు వేద్దాం. కొన్నేళ్ళు పట్టొచ్చు."

ఆమె ఆయన వైపు ఒంటికన్నుతో చూసింది. "సార్, బర్రె ఈనినంక వట్టిపోయేదాక ఎన్ని నెలలో ఎర్కనా మీకు? మీ తారీకు వచ్చేసరికి నా ఐదూ కసాయోని కాడ ఉంటయి."

"అప్పటిదాకా భరణం అడుగుదాం. నెలనెలా కడతాడు."

"వాడేడికెల్లి కడతడు? నా బర్రెల పాలమ్మి కడతడు. నా పాల పైసలు నాకే బిచ్చమేస్తడా?"

వకీలు పెన్ను మూత పెట్టేశాడు. బయటికి వచ్చాక నేను కోపం చేశాను. కులపెద్దలు గడ్డిపోచ తెంపి ఇచ్చే ఇడుపు రేపు కోర్టులో నిలబడటం కష్టం బిడ్డా, అట్లాంటి ఆచారం ఉందని మళ్ళీ రుజువు చేయాలి, ఆ పెద్దలే మాట మారుస్తారు అని చెప్పాను.

"రేపటి ముచ్చట రేపు. బర్రెలు ఇయ్యాల పాలిస్తున్నయి" అంది.

పంచాయితీ వాళ్ళ కొట్టం ముందరే కూర్చుంది. పెద్దమనుషులందరూ పాడివాళ్ళే. నేను ఆ కులం కాదు. పుస్తకం సంకలో పెట్టుకుని ఓ మూల నిలబడితే, "సుప్రీంకోర్టు వచ్చింది" అని నవ్వారు. తీర్పు చాయ్ కప్పులు ఖాళీ అయ్యేలోపే అయిపోయింది. ఇడుపు అడిగింది ఆడది. కాబట్టి కొట్టం మొగుడిది, బర్రెలు మొగుడివి, పాలు పోసే ఇళ్ళు మొగుడివి. ఆమె బట్టలు ఆమెవి.

తీర్పు చెప్పింది, ఇప్పుడు చెవి తమ్మె లేనివాడే. అప్పుడుంది.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "బట్టలంటే అన్ని నాయేనా? కొట్టంల ఉన్నయి గూడ?" అని అడిగింది.

"నీ చీరెలు మేం కట్టుకుంటమా?" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. మొగుడు కూడా నవ్వాడు.

ఇద్దరి చేతా గడ్డిపోచ పట్టించి తెంపించారు. ఆమె నేరుగా కొట్టంలోకి పోయి, మేకుకు వేలాడుతున్న, పేడ మరకలతో అట్టగట్టిన ఆకుపచ్చ చీర లాగి మూటలో పెట్టుకుంది. ఎవరూ ఆపలేదు. అక్కడున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు పెళ్ళాం చీర కప్పుకుని పిండినవాడే. అయినా ఒక్కడికీ తట్టలేదు. పంచాయితీకి కూర్చున్న మగవాడికి సొంత కొట్టం గుర్తుకు రాదు.

ఆమె హుస్సేనీ ఆలంలో గది కిరాయికి తీసుకుంది. తమ్ముడి ఇంటికి పోలేదు.

ఇక్కడ కొట్టంలో మొదటి పూటే ఒక బర్రె ఆయన మోకాలు మీద తన్నింది. ఆయన తలుగు తీశాడు. బజారుకు పోయి అదే రంగు కొత్త చీర కొని తెచ్చి కప్పుకున్నాడు. అది దుకాణం వాసన. ఇంకో బర్రె బకెట్ తన్నింది. పాలు దిగడానికి సూదులు పొడిచాడు. దిగినవి కొన్ని, దిగనివి కొన్ని. కర్రతో మొహాల మీద కొట్టాడు. పొదుగులు రాళ్ళలా గట్టిపడ్డాయి. నా హమాలీ అటు దాణా వేయడానికి పోయి వచ్చి, అన్నం తినకుండా కూర్చున్నాడు.

ఆ సంగతి నేనే పోయి ఆమెకు చెప్పాను. గోడకు ఆనుకుని విన్నది.

"మొఖాల మీదనా?" అంది.

"అవునట బిడ్డా."

లోపలికి పోయి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ఆటోలో నేనూ ఎక్కాను.  దారంతా వంకరవేలును కుడిచేత్తో పట్టి మెలిపెడుతూ కూర్చుంది.

కొట్టం దగ్గర తీర్పు చెప్పిన ఆ పెద్దమనిషీ ఉన్నాడు. ఏం చేద్దామా అని మొగుడితో ఆలోచన చేస్తున్నాడు. ఆమె అడుగు వినగానే ఐదు బర్రెలూ ఒక్కసారి అరిచాయి. పెద్దమనిషి మొహం విప్పారింది. "చూసినవారా, వచ్చింది. ఆడదాని కోపం పాలపొంగు. తెంపిన పోచను మల్ల ముడేద్దాం తియ్."

ఆమె వాళ్ళిద్దరినీ చూడలేదు. మొదటి బర్రె కింద కూర్చుని పొదుగు మీద చెయ్యి వేసింది. అది వణికింది, తర్వాత వదిలింది. పాలు కావు, చీము, నెత్తురు జీరలు. బకెట్ తీసుకోలేదు. నేలమీదే పిండింది. ఒకదాని తర్వాత ఒకటి, ఐదింటినీ. ఎర్రని, పచ్చని ఆ తడి ఆమె పాదాల చుట్టూ మడుగు కట్టింది. ఒక బర్రెకు కన్ను చితికి ఉంది. దాని మొహాన్ని కొంగుతో తుడిచింది.

మొగుడు తలుగు చేతబట్టి వెనకనుంచి వచ్చి, ఆమె కొప్పు పట్టుకుని, "ఇగ ఇంట్లకు నడు" అన్నాడు.

ఆయన చేతిలోని తలుగు ఆమె చేతిలోకి ఎట్లా వచ్చిందో నేను చూడలేదు. మొదటి దెబ్బకు ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోది మెడ మీద. తర్వాత లెక్క లేదు. తాడు ముడి తగిలిన చోటల్లా చొక్కా చిరిగి చర్మం లేచింది. ఆ చీము మడుగులో దొర్లాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఇన్నేళ్ళు ఆయన ఎట్లా కొట్టాడో అట్లాగే, నోరు మెదపకుండా కొట్టింది. పెద్దమనిషి వెనకనుంచి రెండు చేతులతో వాటేసి పట్టుకుని, ఆమె భుజం మీద తల ఆనించి లాగాడు. ఆమె తల తిప్పింది. అంతే. చెవి పట్టుకుని ఆయన వేసిన కేక వంతెన దాకా వినపడి ఉంటుంది.

ఆమె నోటిలోది ఉమ్మింది. పెదాలు తుడుచుకుంది.

"ఇప్పుడు చెప్పుండ్రి. బర్రెలు ఎవలియి?"

 తలుగులు విప్పి నడిచింది. ఐదూ ఆమె వెనకే. పురానాపూల్ ట్రాఫిక్ మధ్యలో, బస్సులు ఆగి, మోటార్ సైకిళ్ళు పక్కకు తప్పుకుంటుంటే, నెత్తురు మరకల చీరతో ముందు ఆమె, చివర పుస్తకం సంకలో పెట్టుకుని నేను. దెబ్బలతో ఏదైనా తేలకూడదని నమ్మేవాణ్ణి నేను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ చట్టం ఇవ్వనిది, కులం ఇవ్వనిది, ఆ తాడు ఇచ్చింది. ఇందుకు సిగ్గుపడాల్సింది ఆమె కాదు.

పోలీసు స్టేషన్‌లో దొంగతనమని, కొట్టిందని ఫిర్యాదు ఇచ్చారు. ఎస్సై పెద్దమనిషి చెవికట్టు వైపు చూసి, మొగుణ్ణి అడిగాడు: "ఇడుపైందంటున్నరు. కోర్టు కాయితం ఉన్నదా?" లేదన్నారు. "గట్లయితే ఇంకా నీ పెండ్లామే గదనయ్య. ఇంట్ల బర్రెలు ఇంటామె తోలుకపోతే దొంగతనం ఎట్లయితది?" దొంగతనం కొట్టేశాడు. కొట్టిన కేసు మాత్రం నిలిచింది. దానికి ఆమె ఏళ్ళ తరబడి తారీకులకు తిరిగింది.

కొన్నాళ్ళకు మొగుడు వకీలుతో కబురు పంపాడు. ఇద్దరూ ఒప్పుకుని కోర్టులో విడాకులు తీసుకుందాం, రెండు బర్రెలు ఇస్తే సంతకం పెడతానన్నాడు. ఇచ్చేయమని నేను బతిమాలాను.

"సంతకానికి రెండు బర్రెలా? గా సంతకం పాలిస్తదా?"

"అది కాదు బిడ్డా. కాగితం మీద నువ్వింకా వాని భార్యవే. నీకు పిల్లలు లేరు. రేపు నువ్వు పోతే నీ బర్రెలు వానికే పోతాయి. చట్టం అట్లా ఉంది. లేదా వీలునామా రాయి."

"ఎవలకు రాయాలె? ఆటో ఎక్కించి పంపినోనికా?"

పేజీ తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ పేజీ మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టి, బస్తా ఎత్తుకుని పోయింది. సంతకం అడగలేదు, బర్రెలు ఇవ్వలేదు.

కడుపులో గడ్డ అని తేలిన ఏడాది బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మింది. కొనేవాడి ముందు వాడి పెళ్ళాన్ని చూసేది. ఆ ఇంటి ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, బర్రె ఆమె చేతికి అలవాటయ్యేదాకా రోజూ పోయి పిండించేది. మొగుడు కొట్టే ఇంటికి ఒక్కటీ అమ్మలేదు. ఐదు బర్రెలకు ఐదు ఇళ్ళు దొరకడానికి ఎంత తిరిగిందో నాకు తెలుసు. మన ఊరి సంగతి అది.

ఆ డబ్బుతో పెద్ద ఆసుపత్రిలో చేరింది. జనరల్ వార్డు వద్దని ఒంటరి గది తీసుకుంది. నేను పోయేసరికి దుప్పటి ముక్కు దాకా కప్పుకుని పడుకుంది. మనిషి సగం అయ్యింది. వేలు మాత్రం అట్లాగే నిలబడి ఉంది.

"చల్లగుందా బాపు? ఏసీ ఇంక పెంచుమను. వాని పైసలే."

"వాడివేంది?"

"బర్రెల పైసలు అడ్వాన్సుకు, మందులకు ఒడిసినయి. భర్త పేరు, ఫోన్ నంబరు అడిగిండ్రు. చెప్పిన. మొగుడే గదా. నువ్వే జూపెట్టినవు పుస్తకంల."

నవ్వింది. నవ్వితే కడుపు పట్టుకుని తిట్టింది. నర్సును, నన్ను, దేవుణ్ణి, వరసగా.

పోయిన రోజు ఆసుపత్రివాళ్ళు ఆ నంబరుకే ఫోన్ చేశారు. మొగుడు వచ్చాడు, వెంట పెద్దమనిషి. కౌంటర్‌లో అమ్మాయి అడిగింది: "మీరేమవుతారు సర్?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఇడుపు సంగతి చెబుతానని భయం. నేను అడిగాను: "మీకు ఇడుపు కాలేదా?"

పెద్దమనిషి అందుకున్నాడు. తెంపించిన నోటితోనే అన్నాడు: "గడ్డిపోచ తెంపితే ఇడుపయితదా? కోర్టు కాయితం జూపెట్టు."

"నేనే మొగుణ్ణి. రాసుకోండ్రి" అన్నాడు ఆయన.

ఆ అమ్మాయి బిల్లును ఆయన వైపు తిప్పింది. ఆయన చివరి అంకె మీద వేలు పెట్టి రెండోసారి చదివాడు. కానీ ఆయన కళ్ళలో బర్రెలున్నాయి, నాకు కనిపించాయి. బండి తాకట్టు పెట్టి, ఉంగరం ఊడదీసి, పెద్దమనిషి దగ్గర చేబదులు తీసుకుని, సాయంత్రానికల్లా కట్టేశాడు.

శవాన్ని తెస్తున్న వ్యానులో నేను ఒకవైపు, ఆయన ఎదురుగా, మధ్యలో ఆమె. వంతెన ఎక్కుతుండగా ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "బాపూ, ఐదింట్ల ఇప్పుడు ఎన్ని పాల మీద ఉన్నయి?"

"అమ్మేసింది."

"ఏంది?"

"నిరుడే. ఐదూ."

 ఆయన పిడికిలి బిగించి ఆమె మీదికి ఎత్తాడు. తెల్లగుడ్డ కప్పిన ఆ మొహం మీదికి. నేను మణికట్టు పట్టుకున్నాను. ముసలిచెయ్యి, అయినా ఆగింది. ఆయన విదిలించుకుని ముందుకు వంగి, డ్రైవర్ వీపు మీద గుద్దుతూ బండి ఆపమని అరిచాడు.

డ్రైవర్ అద్దంలో కూడా చూడలేదు.

"బ్రిడ్జి మీద ఆపరాదు సాబ్. పెద్దమ్మను ఎక్కించుకున్నంక శ్మశానం దాక పోవుడే."